చదువుకునే ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?

“మీరు ఎవరి తాలూకమ్మా?”

హైదరాబాదు వచ్చాక నేను వెళ్లిన మొదటి సాహిత్య సభలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. అడిగింది పెద్దాయన. దురుసుగా ఏమీ కాదు, చాలా ఆప్యాయంగానే అడిగారు. నేను ఏ కవిగారి భార్యనో, ఏ ప్రొఫెసరుగారి స్టూడెంటునో, లేదంటే ఆ రోజు చర్చ జరుగుతున్న నవల రాసినాయనకి చుట్టాన్నో అయ్యుండాలని ఆయన లెక్క. “ఎవరి తాలూకూ కాదండీ, నవల చదివాను, దాని గురించి మాట్లాడతారంటే వచ్చాను” అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, “మంచిది, మంచిది” అంటూ ఆడవాళ్లు కూర్చున్న వరసలో కుర్చీ చూపించారు. పావుగంట తర్వాత నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి, వేదిక మీద పెద్దలకి పూలగుత్తులు అందించడానికి రమ్మన్నారు. వెళ్లి అందించాను. ఆ నవల మీద నేను రాసుకెళ్లిన రెండు పేజీల నోట్సు సంచిలోనే ఉండిపోయింది.

ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. నన్ను పట్టుకున్నది ఆ ప్రశ్నే. ఎందుకంటే అది నాకు కొత్తది కాదు. మా కారంపూడిలో చిన్నప్పటి నుంచీ వింటున్నదే. సెంటర్లో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, “ఎవరమ్మాయివే?” అని ఎవరో ఒకరు అడుగుతారు. పల్లెటూరు కాబట్టి అడుగుతారు, పట్నం వెళ్తే ఎవరూ అడగరు అనుకున్నాను. పట్నంలో బస్టాపులో ఎవరూ అడగరన్నది నిజమే. పుస్తకాల దగ్గరికి వెళ్తేనే అడిగారు.

ముప్పై దాటాక, తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ పట్టా పుచ్చుకుని, ఒక పరిశోధన ప్రాజెక్టులో ఉద్యోగం కోసం కారంపూడి వదిలి వచ్చాను. దాచేపల్లి, మిర్యాలగూడల మీదుగా వచ్చే బస్సులో ఒక సంచిలో బట్టలు, నాలుగు అట్టపెట్టెల్లో పుస్తకాలు. నాకో పిచ్చి ఉంది. పాత నిఘంటువులు, పాత స్త్రీల పత్రికలు కనిపిస్తే ఒళ్లు తెలియదు. ఫలానా మాట మొదట ఎప్పుడు అచ్చయింది, ఫలానా సంచికలో ఆ ఉత్తరం రాసినావిడ ఎవరు, ఆవిడ మళ్లీ ఎందుకు రాయలేదు... ఇలాంటి వాటి మీద గంటలు గంటలు మాట్లాడగలను. వినేవాళ్లే లేరు. ఇంట్లో దీన్ని చాదస్తం అంటారు. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు కోటిమందికి పైగా ఉన్న మహానగరంలో పదిమందైనా దొరక్కపోతారా, వాళ్లు ఎక్కడో ఒకచోట కూర్చోకపోతారా అని నా ఆశ. ఉద్యోగం కన్నా ఆ ఆశే ఎక్కువ బరువున్న సామాను.

ఈ వ్యాసం ఆ వెతుకులాట గురించి. అయితే నా వెతుకులాట మాత్రమే చెప్పి ఊరుకుంటే అది ఒంటరితనం గురించిన వ్యాసం అవుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఒంటరితనం కాదు. చదువుకునే ఆడవాళ్లకి కూర్చునే చోటు లేకపోవడం వల్ల మన సాహిత్య చరిత్రలో ఏం పోయిందన్నది.

ముందు మాటల సంగతి చూద్దాం. “అడ్డా” అనే మాట తెలుగులో రెండు రకాలుగా వాడతాం. పొద్దున్నే కూలికోసం కూడలిలో నిలబడే చోటు అడ్డా. పనీపాటా లేకుండా స్నేహితులు చేరి గంటలకొద్దీ మాట్లాడుకునే చోటు కూడా అడ్డాయే. మొదటి అడ్డాలో ఆడవాళ్లు ఉంటారు, గంప, తట్ట పట్టుకుని. రెండో అడ్డాలో కనిపించరు. కల్లాలు, అరుగులు, రచ్చబండ, టీకొట్టు అన్నీ మగవాళ్లవే. ఆడవాళ్లు నలుగురు చేరి అదే పని చేస్తే దానికి వేరే పేరుంది, “అమ్మలక్కల కబుర్లు”. బెంగాలీల అడ్డా మీద దీపేశ్ చక్రవర్తి 2000లో వచ్చిన తన పుస్తకంలో ఒక అధ్యాయమే రాశారు. ఆధునికతలో మనుషులు తమ ఇల్లు కాని చోట ఒక ఇల్లు కట్టుకోవడం ఎట్లాగో అడ్డా చూపిస్తుందన్నది ఆయన ఆలోచన. అది ప్రధానంగా మగవాళ్ల లోకమని ఆయనా ఒప్పుకుంటారు. ఒప్పుకుని ముందుకు వెళ్లిపోతారు. నాకు మాత్రం అక్కడే ఆగాలనిపించింది. “చాదస్తం” సంగతీ ఇంతే. మగవాడి చాదస్తం పాండిత్యం వైపు జరుగుతుంది. ఆడదాని చాదస్తం మడి, తడి, పిండివంటల దగ్గరే ఉండాలి. దాన్ని నిఘంటువుల మీద పెడితే “ఈ పిల్లకేమయింది?” అంటారు.

మన సాహిత్య జ్ఞాపకాలు, ఆత్మకథలు తెరిస్తే అడ్డాలే అడ్డాలు. తెనాలి సాహితీ సమితి సంగతి చూడండి. తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారి చుట్టూ చేరిన ఆ కవుల బృందం భావకవిత్వానికి ఊపిరి. శ్రీశ్రీ ‘అనంతం’ నిండా విశాఖపట్నం మిత్రులు, మద్రాసు మిత్రులు. ఎవరింట్లో దిగారు, రాత్రి ఎందాకా మాట్లాడుకున్నారు, ఎవరు ఏ పుస్తకం ఇచ్చారు. ఇలాంటివి చదువుతుంటే నాకు ఆనందమూ, కడుపుమంటా రెండూ కలుగుతాయి. ఆనందం ఎందుకంటే అవి నా జాతి మనుషుల కథలు, పుస్తకాల పిచ్చివాళ్ల కథలు. కడుపుమంట ఎందుకో వేరే చెప్పాలా? అర్ధరాత్రి ఇంటికొచ్చిన ఆ మిత్రబృందానికి అన్నం ఎవరు వండారన్నది ఆ జ్ఞాపకాల్లో చాలావాటిలో ఒక వాక్యం కూడా ఉండదు.

ఈ సందర్భంలో చావలి బంగారమ్మ గురించి చెప్పాలి. ఆవిడ కొంపెల్ల జనార్దనరావు అక్క. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ అంకితం పొందిన జనార్దనరావే. ఆ అంకితం వల్ల ఆయన పేరు తెలుగు తెలిసిన ప్రతివాళ్లకీ తెలుసు. బంగారమ్మ కవితలు 1935లో వచ్చిన ‘వైతాళికులు’ సంకలనంలో ఉన్నాయి, తర్వాత ‘కాంచన విపంచి’గా పుస్తకమయ్యాయి. తమ్ముడి ప్రోత్సాహంతో రాసిందని అందరూ చెబుతారు. నిజమే అయ్యుంటుంది. కానీ ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది కదా. ఆ కాలపు కవిత్వ గోష్ఠి ఆవిడ దాకా రావాలంటే తమ్ముడి ద్వారానే రావాలి. ఆవిడ గోష్ఠికి వెళ్లడం లేదు, గోష్ఠి కొంచెం కొంచెంగా తమ్ముడి వెంట ఇంటికి వస్తోంది.

ఇది రాస్తుంటే మా తమ్ముడు గుర్తొచ్చాడు. మా ఊళ్లో గ్రంథాలయం ఉంది. నన్ను ఎవరూ రావద్దనలేదు. బల్లల చుట్టూ పేపర్లు చదువుతూ మగవాళ్లు కూర్చుంటారు కాబట్టి, “నువ్వెందుకులేవే, తమ్ముడు తెచ్చిస్తాడు” అనేది మా అమ్మ. వాడు తెచ్చేవాడు పాపం. చీటీ మీద నేను రాసిచ్చిన పేరు దొరక్కపోతే పక్కనున్నది తెచ్చేవాడు. అలా నేను అడగని పుస్తకాలు చాలా చదివాను. ఆ రకంగా వాడికి రుణపడి ఉన్నాను. కానీ బీరువాల ముందు నిలబడి, ఏది కావాలో తెలియకుండా తెలియకుండా వెతుక్కోవడం అనే సుఖం నాకు డిగ్రీకి వచ్చాకే తెలిసింది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. కొత్త ఊళ్లో తనలాంటి చదువరుల కోసం వెతుక్కున్న తెలుగు స్త్రీ ఎవరు అని ఆలోచిస్తే నాకు మొదట కనిపించేది భండారు అచ్చమాంబ (1874-1905). కృష్ణా జిల్లాలో పుట్టింది. చిన్నప్పుడే పెళ్లి. భర్త మాధవరావు ఇంజనీరు, ఉద్యోగం మధ్యపరగణాల్లో. నాగపూర్, బిలాస్‌పూర్ వైపు. తెలుగు వినిపించని ఊళ్లు. ఆవిడకి బడి చదువు లేదు. తండ్రి పోయాక తల్లి, తమ్ముడు ఆవిడ దగ్గరికే వచ్చారు. ఆ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తాను నేర్చుకుందని చెబుతారు. మళ్లీ తమ్ముడే!

తర్వాత అక్కాతమ్ముళ్లు చేసిన పనులు పక్కపక్కన పెట్టి చూడండి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. దాని వెనక ఉన్నవారిలో లక్ష్మణరావు ముఖ్యుడు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి. తర్వాత తెలుగు విజ్ఞాన సర్వస్వం పని. అదే 1901లో అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పుస్తకంగా వచ్చింది. మన దేశపు స్త్రీల చరిత్రలు వెతికి వెతికి రాసింది. స్త్రీలు తెలివిలేనివాళ్లు, చదివితే చెడిపోతారు అనేవాళ్లకి సమాధానంగా రాసింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఊరూరూ తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. ఆ రోజుల్లో రైళ్లలో, బళ్లలో.

తమ్ముడు పెట్టినది గ్రంథాలయం. దానికి గోడలున్నాయి, బోర్డుంది, శతజయంతి ఉంది. ఎవరైనా లోపలికి వెళ్లి కూర్చోవచ్చు. అక్క పెట్టినవి సమాజాలు. అవి ఎవరో ఒకరి ఇంట్లో, మధ్యాహ్నం పూట, మగవాళ్లు కచేరీలకి వెళ్లాక జరిగేవే. ఒకావిడ చదివితే మిగతావాళ్లు వింటారు. ఆ ఇంటావిడ కాన్పుకి వెళ్తే, ఆయనకి బదిలీ అయితే సమాజం ఆగిపోతుంది. ఈ సమాజాలు బలహీనమైనవని నేననడం లేదు. ఆడవాళ్ల కాలాన్ని బట్టి, చోటును బట్టి అవి అలాగే ఉండగలవు. కానీ గోడలు లేనిదాన్ని చరిత్ర గుర్తుపెట్టుకోదు.

గుర్తుపెట్టుకోలేదు కూడా. అచ్చమాంబ కథ ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’ పత్రికలో వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. దశాబ్దాల పాటు తెలుగులో తొలి కథ ఏది అంటే ‘దిద్దుబాటు’ అనే మనందరం పాఠం చదువుకున్నాం, నేనూ పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఎనిమిదేళ్లు ముందున్న కథ ఎందుకు కనిపించలేదు? కథానిక లక్షణాలు అందులో ఉన్నాయా లేవా అన్న వాదం ఉంది. ఉండనివ్వండి, దిద్దుబాటు గొప్ప కథ, అందులో నాకు అనుమానం లేదు. కానీ వాదంలో ఓడిపోవాలన్నా ముందు వాదంలోకి రావాలి కదా. ‘ధనత్రయోదశి’ని చాలాకాలం వాదంలోకే తీసుకురాలేదు. దానికి కారణం ద్వేషమో కుట్రో అని నేననుకోవడం లేదు. తొలి కథ, తొలి నవల, యుగకర్త లాంటి నిర్ణయాలు మొదట జరిగేది పుస్తకాల్లో కాదు. టీ తాగుతూ, నడుస్తూ, ఒకరి మాట ఒకరు అందుకుంటూ అడ్డాల్లో జరుగుతాయి. తర్వాత ముందుమాటల్లోకి, అక్కడి నుంచి సిలబస్సులోకి వస్తాయి. ‘హిందూసుందరి’ పాఠకురాలు ఆ బల్ల దగ్గర లేదు. ఆవిడ ఉండి ఉంటే “అదేంటండీ, మేం 1902లోనే ఒకటి చదివాంగా” అని ఒక్క మాట అని ఉండేది.

వర్జీనియా వుల్ఫ్ 1929లో వచ్చిన తన ప్రసిద్ధ పుస్తకంలో, విశ్వవిద్యాలయ గ్రంథాలయం గుమ్మంలో ఒక పెద్దమనిషి తనను మర్యాదగా ఆపేసిన సంగతి చెబుతుంది. కాలేజీ ఫెలో ఎవరైనా వెంట ఉండాలి, లేదా పరిచయ పత్రం తేవాలి అంటాడు. మా ఊరి భాషలో చెప్పాలంటే, ఎవరి తాలూకో చెప్పాలి. వుల్ఫ్‌ని మనం ‘సొంత గది’ కోసం గుర్తుపెట్టుకున్నాం. నాకు గది ఉంది. విద్యానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో, ముగ్గురితో పంచుకుంటున్నా, ఒక బల్ల, ఒక లైటు నావి. నాకు లేనిది ఆ గదిలోంచి బయటికొచ్చి కూర్చునే చోటు.

ఎందుకు దొరకలేదు, ఎక్కడెక్కడ వెతికాను అన్నది క్లుప్తంగా చెబుతాను. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. అక్కడ నాకు స్వర్గమే, పాత పత్రికల కట్టలు చాలా కొన్నాను. కొంటున్నంతసేపూ బాగుంటుంది. కొనడం అయిపోయాక, కొన్నది తిరగేస్తూ మగవాళ్లు మెట్ల మీద కూర్చుంటారు, పక్కవాడితో మాటలు కలుపుతారు. నేను కూర్చుంటే నన్ను పుస్తకంలా తిరగేస్తారు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి గురించి 2011లో రాసిన ‘వై లాయిటర్?’ పుస్తకంలో చెప్పింది ఇదే. ఊళ్లో ఆడవాళ్లు బయట కనిపించాలంటే ఏదో పని ఉన్నట్టు కనిపించాలి. పని లేకుండా తిరిగే హక్కు కావాలని వాళ్లు వాదిస్తారు. భద్రత అడిగితే ఇంట్లో ఉండమంటారు, అందుకని భద్రత కాదు, తిరిగే హక్కే అడగాలంటారు. ఆ వాదం నాకు నచ్చింది. కానీ అడ్డా అంటే పని లేకుండా ఉండటం మాత్రమే కాదు, పని లేకుండా ఇతరులతో ఉండటం. ఆ రెండో సగం గురించి ఆ పుస్తకంలో నాకు కావలసినంత దొరకలేదు.

బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్‌కి వెళ్లాను. బండరాళ్లు, చెట్టు, చవకగా టీ. ఎవరి తాలూకు అని ఎవరూ అడగలేదు. ఒంటరిగా కూర్చున్న ఆడవాళ్లని మరెక్కడా అంతమందిని చూడలేదు. ఇంగ్లీషు, హిందీ, ఉర్దూల్లో మాటలు నడుస్తున్నాయి. నాకు మూడూ అర్థమవుతాయి, మూడింటిలోనూ నా చాదస్తం చెప్పుకోలేను. పల్నాటి యాస ఉన్న నా తెలుగుకి అక్కడ పని తక్కువ. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పుస్తకాలు చూసుకున్నాను, పగలు హాయిగా గడిచింది. అదే నగరంలో వేర్వేరు హాళ్లలో తెలుగు సాహిత్య సభలు ఎన్నో జరుగుతాయి. దాదాపు అన్నీ సాయంత్రం ఆరింటికి. ఆరింటికంటే ఆరున్నర, ముఖ్య అతిథి వచ్చేసరికి ఏడు. ఎనిమిదిన్నరకి సభ ముగుస్తుంది. అసలు మాటలు మొదలయ్యేది అప్పుడే, రోడ్డు మీద టీ బండి దగ్గర. సభలో పొగిడినవాళ్లు అక్కడ నిజం చెబుతారు. మా హాస్టల్ గేటు తొమ్మిదింటికి వేసేస్తారు. నేను చాలా పుస్తకాల మీద పొగడ్తలు మాత్రమే విన్నాను.

గుమ్మంలో వుల్ఫ్‌ని ఆపిన పెద్దమనిషి ఇప్పుడు గుమ్మంలో లేడు. గడియారంలో ఉన్నాడు. పెళ్లయిన స్నేహితురాళ్లకి హాస్టల్ గేటు ఉండదు కానీ సాయంత్రం ఆరు అంటే పిల్లల హోంవర్కు, రాత్రి వంట. “ఆడవాళ్లని పిలుస్తామండీ, వాళ్లే రారు” అని నిర్వాహకులు బాధపడుతుంటారు. ఒక్కసారి ఆదివారం పొద్దున పదకొండింటికి పెట్టి చూడండి అని నేను ఒకరిద్దరికి చెప్పాను. ఆదివారం పొద్దున ఇంట్లో ఉండాలి కదమ్మా అన్నారు.

ఈ నగరంలో ఆడవాళ్లు ఇంతకు ముందు ఈ పని చేశారని నాకు పుస్తకాల ద్వారా తెలుసు. స్త్రీ శక్తి సంఘటన 1978లో ఇక్కడే మొదలైంది. వాళ్లు చేరి చదువుకున్నారు, వాదించుకున్నారు, ఆ చదువులోంచి బయటికెళ్లి తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలతో మాట్లాడి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. ఆ పుస్తకాన్ని నేను పోరాట చరిత్రగా ఒకసారి, చదువుల చరిత్రగా ఒకసారి చదివాను. రెండోసారి చదివినప్పుడు నన్ను కదిలించింది తుపాకులు కాదు. పార్టీలో చేరి, ఇల్లు దాటి వచ్చి, నలుగురితో కూర్చుని చర్చల్లో పాల్గొన్న కాలం ఆ స్త్రీల మాటల్లో ఎంత వెలుగుతో ఉంటుందో! పోరాటం ఆగిపోయాక ఇళ్లకి తిరిగి వెళ్లమన్నారు. మగవాళ్లకి పార్టీ ఆఫీసు, అసెంబ్లీ, పత్రిక మిగిలాయి. వీళ్లకి వంటిల్లు. పోరాటం పోయిన దుఃఖంతో పాటు ఆ కూర్చునే చోటు పోయిన దుఃఖం కూడా ఆ గొంతుల్లో ఉంది. దాన్ని సాహిత్య విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది.

సరే, నా వెతుకులాట ఏమయింది? అబిడ్స్‌లోనే, ఒక పాత పత్రికల కట్ట కోసం నాతో పాటు బేరమాడుతున్న ఒక బ్యాంకు ఉద్యోగిని పరిచయమైంది. ఇద్దరం ఆ కట్టని సగం సగం డబ్బులు వేసుకుని కొన్నాం. ఆ సగం సగం వల్ల మళ్లీ కలవాల్సొచ్చింది. ఆవిడ ద్వారా ఒక గవర్నమెంటు స్కూలు టీచరు, ఆ టీచరు ద్వారా ఒక నర్సు. నెలలో రెండో ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి, బ్యాంకు ఉద్యోగిని ఇంట్లో. అచ్చమాంబ కాలంలో లాగా మధ్యాహ్నమే! నూట ఇరవయ్యేళ్ల తర్వాత కూడా ఆడవాళ్లకి ఖాళీ అనేది అదే వేళకి దొరుకుతోంది. మొదట్లో ఆవిడే టీ పెట్టేది, మేం చర్చించేవాళ్లం. మూడో నెల ఆవిడ “మీ వాదన సగం నాకు కుక్కరు మోతలో పోతోంది” అంది. అప్పటినుంచి చర్చ వంటింట్లోకి మారింది. గట్టు మీద ఒకరు, బియ్యం డబ్బా మీద ఒకరు.

ఇక్కడ దాకా రాసి ఆపేస్తే ఈ వ్యాసం నాకే నచ్చదు. ఎందుకంటే నాలుగో నెలలో ఒక గొడవ జరిగింది, అది చెప్పాలి.

ఆ రోజు నేను మా ఊరి గురించి మాట్లాడుతున్నాను. కారంపూడి అంటే వీరుల గుడి, నాగులేరు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం జరిగిన నేల. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని. నాగమ్మ గురించి ఎంతో ఉత్సాహంగా చెప్పాను. గురజాలలో నలగామరాజు దగ్గర మంత్రిగా కొలువులో మగవాళ్ల మధ్య కూర్చుని రాజ్యం నడిపిన ఆడది. యుద్ధం తప్పంతా ఆమె మీదికే పోయింది. మా వైపు గట్టిగా మాట్లాడే ఆడపిల్లని ఇప్పటికీ “నాయకురాలు నాగమ్మలా తయారయ్యావే” అంటారు. ఇది నాకు బాగా అలవాటైన పాఠం, పీహెచ్‌డీ రోజుల్నుంచీ సెమినార్లలో చెబుతున్నదే. తర్వాత చాపకూడు గురించి చెప్పాను. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడని, ఇప్పటికీ మందపోరు రోజు చాపకూడు జరుగుతుందని. మన ఈ చిన్న గుంపు కూడా ఒక చాపకూడు లాంటిదే అన్నాను. ఆ పోలిక నాకు ఎంతో నచ్చింది, అందుకే అన్నాను.

నర్సు ఊరుకోలేదు. ఆవిడది నల్గొండ వైపు, దళిత కుటుంబం. “ఆ చాప ఎవరు పరిచారు అక్కా? అన్నం ఎవరు వండారు? తిన్నాక ఎవరి వాడకి వాళ్లు పోయారా, లేదా?” అంది. నేను బ్రహ్మనాయుడి వైష్ణవం గురించి ఏదో చెప్పబోయాను. “సంవత్సరానికి ఒకరోజు కలిసి తింటే మిగతా రోజులు విడివిడిగా తిన్నట్టే లెక్క కదా” అంది. తర్వాత అసలు మాట అంది. “మీరు నలుగురూ కలిసి చదువుకునే చోటు లేదని బాధపడుతున్నారు. మా అమ్మకి బీరువా ముందు నిలబడటం కాదు, బడి ముందు నిలబడటమే లేదు. అచ్చమాంబగారి సమాజాలకి మా అమ్మమ్మ వాళ్లని పిలిచారా?”

పిలవలేదు. నాకు తెలిసినంతలో ఆ సమాజాలు చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లవి, అగ్రకుల గృహిణులవి. చదువు కావాలని అడిగిన చోట కూడా మంచి ఇల్లాలు కావడానికే చదువు అన్న మాట వెంట ఉంటుంది. నేను అచ్చమాంబకి జరిగిన అన్యాయం గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నాను. ఆవిడ గుమ్మం బయట ఎవరున్నారన్న ప్రశ్న సెమినార్లలో ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. అడ్డా తలుపు నాకు మూసుకుపోయిందని గోల చేసే నేను, మా ఇంటి తలుపు వైపు చూడలేదు. మా ఊరి గ్రంథాలయానికి నా బదులు తమ్ముడు వెళ్లాడు. మా ఇంట్లో పనిచేసిన అమ్మాయి బదులు ఎవరూ వెళ్లలేదు, ఆ అమ్మాయిది నా ఈడే.

గోగు శ్యామల 2003లో తెచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనల సంకలనం. 1921 నుంచీ రాస్తున్నవాళ్లున్నారని చూపించిన పుస్తకం. నేను దాన్ని థీసిస్‌లో ఉదహరించాను. ఒక పేరాలో, ‘అలాగే’ అని మొదలయ్యే వాక్యంలో. విమర్శలో “అలాగే” అనే మాట ఎవరి కోసం వాడతామో ఆ రోజు రాత్రి నా థీసిస్ తీసి చూసుకున్నాను. చాలాచోట్ల ఉంది.

ఆ గొడవ తర్వాతి నెల నర్సు రాలేదు. డ్యూటీ అని చెప్పింది. నిజంగానే డ్యూటీనో కాదో నాకు తెలియదు. ఫోన్ చేయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించి, చేశాను. క్షమాపణ చెప్పబోతే, “అదంతా ఎందుకక్కా, ఏం చదువుదామో చెప్పు” అంది. రత్నమాల ఒక్కటే అయితే తను రానంది. ‘నల్లపొద్దు’ కూడా చదవాలి, రెండూ ఒకే రోజు, పక్కపక్కన పెట్టి. ఇంకో షరతు కూడా పెట్టింది. ఆదివారం తనకి డ్యూటీ పడుతుంది కాబట్టి, రోజు తన షిఫ్టు చూసి మార్చాలి. బ్యాంకు ఉద్యోగిని మొదట గొణిగింది, శనివారం మధ్యాహ్నానికి ఒప్పుకుంది.

రత్నమాల జిరాక్సు నా దగ్గరే ఉంది. గ్రాంథికం, టీచరుకి తప్ప మిగతా ఇద్దరికీ కష్టం, అందుకని గట్టిగా చదివి ఆపి ఆపి చెప్పుకోవాలి. మా హాస్టల్లో వంట చేసే పెద్దమ్మ తనూ వస్తానంది. చదవడం రాదు, వింటానంది. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యేసరికి మూడవుతుంది, మూడింటికి మొదలుపెట్టండి అంది. మూడింటికే పెట్టుకున్నాం.